ప్రతులకు

తెలుగులో రచయిత సొంతంగా అచ్చువేసుకున్న పుస్తకం ఏది చేతికొచ్చినా మేం ముందు తిప్పేది లోపలి రెండో పేజీ. ప్రథమ ముద్రణ నెల, ప్రతుల సంఖ్య, వెల, ముఖచిత్రం వేసినవారి పేరు, డీటీపీ చేసినవారి పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాటి కింద ‘ప్రతులకు’ అని ఒక మాట. ఆ మాట కింద ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడు, పది అంకెల ఫోను. ఆ చిరునామా రచయితదే. రాసిన మనిషే ఆ పుస్తకానికి గోదాము, గుమాస్తా, తపాలా బంట్రోతు. ప్రచురణ సంస్థ పేరు చూస్తే చాలాసార్లు అది తల్లి పేరో, కూతురి పేరో, చిన్నప్పుడే పోయిన తమ్ముడి పేరో అయి ఉంటుంది. దాని పక్కన ‘ప్రచురణ సంఖ్య: 1’. రెండో సంఖ్య చాలా ఇళ్ళలో రాలేదు.

ఆ రెండో సంఖ్య రావాలని ఈ ప్రణాళిక రాసుకుంటున్నాం.

మేం కవులం, కథకులం, అనువాదకులం, తమ ఊరి చరిత్ర తామే రాసుకున్న బడిపంతుళ్ళం, ఉద్యోగం దిగాక ఆత్మకథ రాసిన కార్మికులం, అమ్మమ్మ నోటి పాటలు సేకరించిన మనవరాళ్ళం. మాలో ఒక్క వాక్యం కూడా రాయనివాళ్ళు ఉన్నారు, పుస్తకం కొని చదివేవాళ్ళు. వాళ్ళు లేకపోతే ఇది ఇంకో రచయితల సంఘం అవుతుంది. రచయితల సంఘాలు మనకు చాలానే ఉన్నాయి. మేం మొదలుపెడుతున్నది పుస్తకం కబురు మోసే మనుషుల ఉద్యమం.

మా మూలసూత్రం చిన్నది. ఎవరి పుస్తకం గురించి వాళ్ళు చెప్పుకోవలసిన అవసరం పోవాలి. నా పుస్తకం కబురు మీరు మోయండి, మీ పుస్తకం కబురు నేను మోస్తాను. ఇద్దరి పుస్తకాల కబురూ మూడో మనిషి మోస్తాడు.

ఈ సూత్రం ఎందుకంటే, తెలుగు రచయితకు తన పుస్తకం గురించి తాను చెప్పుకోవడం చచ్చేంత సిగ్గు. ఫేస్‌బుక్‌లో అట్ట బొమ్మ రెండోసారి పెట్టాలంటే చెయ్యి ఆడదు. వాట్సాప్ గ్రూపులో మూడోసారి పెడితే ఎవరేమనుకుంటారోనని రాత్రికి తీసేసేవాళ్ళు మాకు తెలుసు. అదే మనిషి పక్కవాడి పుస్తకం గురించి చెప్పమంటే గంటసేపు చెబుతాడు, కళ్ళు మెరుస్తుండగా చెబుతాడు. మనలో ఉన్న ఆ శక్తిని ఇంతవరకూ ఎవరూ పనికి పెట్టలేదు.

ఈ ముసాయిదా రాస్తున్న నా సంగతి ఒకటి చెప్పాలి. నా మొదటి కథల పుస్తకం 500 ప్రతులు వేశాను. పది ఫారాలు, డెమ్మీ సైజు, నూట అరవై పేజీలు. ఆవిష్కరణ సభకు హాలు నిండింది. వేదిక మీద తొమ్మిది మంది. ఎనిమిదిన్నరకు హాలు ఖాళీ చెయ్యాలని వాచ్‌మన్ వచ్చి నిలబడేసరికి నాకు మిగిలింది ఐదు నిమిషాలు. పుస్తకంలోంచి ఒక్క వాక్యం కూడా ఎవరూ చదవలేదు, నేను కూడా. తొంభై ప్రతులు చేతులారా పంచాను. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడింది. అందులో అతిథుల పేర్లన్నీ ఉన్నాయి, పుస్తకం పేరు తప్పు పడింది. ఆ తర్వాత ఎక్కడా చప్పుడు లేదు. మిగిలినవి ఆరు అట్టపెట్టెల్లో మంచం కిందికి చేరాయి.

నాలుగేళ్ళకు పలాస నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఫోను చేశారు. ఎవరో ఇచ్చిన జిరాక్సులో నా కథ ఒకటి చదివారట. “మా పిల్లలకు చదివి వినిపించానండీ, మిగతా కథలు కూడా కావాలి. ఇన్నాళ్ళూ ఈ పుస్తకం ఉన్నట్టే తెలియలేదేంటండీ?” అని అడిగారు. ఫోను పెట్టేసి పెట్టెలు బయటికి లాగాను. ఒక పెట్టె అడుగున చెదలు పట్టింది. పుస్తకం కోసం వెతికే మనిషి పలాసలో, పుస్తకం నా మంచం కింద. మధ్యలో నాలుగేళ్ళు. ఆ మధ్య దూరాన్ని పూడ్చడానికి కావలసింది పెద్ద పెట్టుబడి కాదని ఆ రోజు నాకు అర్థమైంది. ఆవిడకు ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఇక్కడ ఒక అపోహ గురించి. సొంతంగా వేసుకున్న పుస్తకమంటే ఎవరూ వెయ్యనంటే వేసుకున్నదని చులకన చేసేవాళ్ళున్నారు. ఆ చులకనను మనలోనే కొందరు లోపలికి తీసుకున్నారు. తెలుగు అచ్చు చరిత్ర తెలిసినవాళ్ళు అలా అనరు. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో సొంత అచ్చుకూటమే పెట్టుకున్నారు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పాఠకులను ముందే చందాదారులుగా కూడగట్టుకుంది. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. ఆయన వెనక జమీందారు లేడు, బ్యాంకు లేదు. హోటల్లో పనిచేసి, పత్రికలో ప్రూఫులు దిద్ది బతికిన మనిషి. పుస్తకాలు వేసి ఊరుకోలేదు, వాటిని పట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం పట్టుకుని తిరగడమంటే ఏమిటో ఊహించుకోండి. ఆయన మోసిన పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇతరులు రాసినవి. మా సూత్రానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం మాకు అక్కర్లేదు.

కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ మీద ప్రయాణం చేసేవాళ్ళకు చేతిలో పుస్తకం పెట్టారు. మనుషులు ఎక్కడ గంటసేపు కదలకుండా కూర్చుంటారో వెతికి అక్కడికి పుస్తకాన్ని తీసుకెళ్ళిన ఆలోచన అది. ఇప్పుడు మనుషులు గంటసేపు కూర్చునే చోట్లు వేరు. ఆలోచన మాత్రం అలాగే పనికొస్తుంది.

కబురు ఎలా ఉండాలి

ఇవాళ తెలుగులో ఒక పుస్తకం వచ్చిందన్న సంగతి మూడు రకాలుగా తెలుస్తోంది. పత్రికలకు రెండేసి ప్రతులు పంపితే ఎప్పటికో ‘స్వీకారం’ శీర్షికలో పేరు, వెల, ఫోను నంబరు పడతాయి. ఆవిష్కరణకు రెండు రోజుల ముందు సాహిత్య పేజీ అడుగున నాలుగు లైన్ల ప్రకటన వస్తుంది: ఫలానా ఆదివారం సాయంత్రం ఆరుకు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో, అధ్యక్షత ఫలానా, విశిష్ట అతిథి ఫలానా. మూడోది అట్ట బొమ్మ, వాట్సాప్‌లో. ఈ మూడింటిలోనూ పుస్తకంలో ఏముందో ఉండదు. సాహిత్య పేజీలు నడిపేవాళ్ళ మీద మాకు కోపం లేదు. వారానికి ఒక పేజీ, దాని మీదికి బస్తాల కొద్దీ పుస్తకాలు. ఆ పేజీ పెరగాలని అడుగుతూనే, అది పెరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదని నిర్ణయించుకున్నాం.

అందుకని కబురు మేమే రాస్తాం. దానికి మేం పెట్టుకున్న పద్ధతి ఇది. పుస్తకం చదివినవాళ్ళే రాయాలి. రచయిత రాయకూడదు, రచయిత భార్యగానీ భర్తగానీ రాయకూడదు, ముందుమాట రాసిన పెద్దలు కూడా రాయకూడదు, ఎందుకంటే వాళ్ళు చెప్పవలసింది పుస్తకంలోనే చెప్పేశారు. కబురు నూట యాభై మాటలు దాటకూడదు. అందులో ‘అద్భుతం’, ‘అపూర్వం’, ‘ఆణిముత్యం’, ‘తప్పక చదవాల్సిన’ లాంటి మాటలు ఉండవు. పుస్తకం దేని గురించో, ఎక్కడి మనుషుల గురించో, ఎవరి యాసలో ఉందో చెప్పాలి. చదువుతుండగా ఎక్కడ ఆగామో చెప్పాలి. నచ్చనిది ఉంటే అదీ చెప్పాలి. అన్నీ మెచ్చుకునేవాడి మాటను పాఠకుడు మూడోసారి నమ్మడు, అప్పుడు మన కబుర్లన్నీ వృథా అవుతాయి. చివర పేజీలు, వెల, పోస్టు ఖర్చు, డబ్బు పంపాల్సిన నంబరు. ఈ నాలుగూ లేని కబురును మేం బయటికి వదలం.

మాటలు యూనికోడ్‌లో ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దీని మీద కొంచెంసేపు నిలబడాలి. మన డీటీపీ పనిలో చాలా భాగం ఇప్పటికీ అను ఫాంట్లలో జరుగుతోంది. ఆ ఫాంట్లలో కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటరు లోపల మాత్రం అవి ఇంగ్లిషు గుర్తుల వరసలే. అందువల్ల పుస్తకంలోంచి ఒక పేజీ తీసి పెడదామంటే అది పిచ్చి గీతలుగా మారుతుంది. దాంతో బొమ్మగా పెడతాం. బొమ్మలో ఉన్న మాటలను వెతుకులాట సరిగ్గా పట్టదు, చూపులేని పాఠకుల ఫోను చదివి వినిపించడానికీ తడబడుతుంది. ‘పలాస కథలు’ అని వెతికినవాళ్ళకు పలాస కథల పుస్తకం దొరకకపోవడానికి కారణం ఇంత సాంకేతికమైనది. కాబట్టి మాలో డీటీపీ తెలిసినవాళ్ళు ప్రతి కొత్త పుస్తకానికీ ఒక కథనో, ఐదు కవితలనో, ఒక అధ్యాయాన్నో యూనికోడ్‌లోకి మార్చి, మళ్ళీ ప్రూఫులు చూసి ఇస్తారు. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి, అది మళ్ళీ మనిషే కూర్చుని దిద్దాలి. ఈ పనికి కూలి ఇస్తాం. డీటీపీ వాళ్ళ చేత ఉచితంగా పని చేయించుకోవడం ఇకనైనా ఆపాలి.

ఈ-పుస్తకం సంగతి కూడా ఇక్కడే. 2016 డిసెంబరులో కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు. సొంతంగా ప్రచురించుకునే తమిళ రచయితకు దొరికిన పెద్ద వాకిలి మనకు దొరకలేదు. తెరవమని అడుగుతాం, గట్టిగానే అడుగుతాం. ఈలోగా కబురు ద్వారా పుస్తకం కదలాలి.

కబురు లేకపోతే ఏమవుతుందో తెలుగు చరిత్రలోనే ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి అచ్చులో పడితే, సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను లెక్కపెట్టి చూపించారు. ఆ కవులు ఆ మాట రాకముందూ ఉన్నారు. ఊళ్ళలో, బడుల్లో, ఇళ్ళలో కూర్చుని రాస్తూనే ఉన్నారు. వాళ్ళున్నారన్న వార్త లేదు. ఇప్పుడు కూడా ‘ఈ తరం రాయడం లేదు’ అని నిట్టూర్చేవాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు, వాళ్ళకు కబురు అందలేదు.

మేం నెలకొక పత్రం తెస్తాం. ఒక్క కాగితం, రెండు వైపులా. ఆ నెలలో సొంతంగా వచ్చిన పుస్తకాలలో మాకు అందినవి, మేం చదివినవి. ఊరి శాఖా గ్రంథాలయం గోడ మీద, బడి స్టాఫ్‌రూములో, కాలేజీ నోటీసు బోర్డు మీద, డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో అతికించడానికి పనికొచ్చేలా. అదే పత్రం ఫోన్లకూ వెళుతుంది. పుస్తకం వచ్చిన నెలలోనే దాని గురించి చెప్పాలన్న నియమం లేదు. మూడేళ్ళ కిందట వచ్చి మంచం కింద ఉండిపోయిన పుస్తకానికి పత్రంలో సగం చోటు ఎప్పుడూ ఉంటుంది. పుస్తకం పాలప్యాకెట్టు కాదు, తేదీ దాటితే విరిగిపోవడానికి.

సభ

ఆవిష్కరణ సభను మేం తీసిపారెయ్యడం లేదు. ఒక మనిషి ఏళ్ళ తరబడి ఒంటరిగా చేసిన పనిని నలుగురి మధ్యకు తెచ్చే సందర్భం అది. తల్లిదండ్రులు ముందు వరుసలో కూర్చుంటారు. పొలం పని మానుకుని అన్న వస్తాడు. కొడుకు రాస్తాడని అప్పటిదాకా తెలియని తండ్రి మొదటిసారి ఆ రాత్రి పుస్తకం తిరగేస్తాడు. ఆ సంతోషాన్ని తగ్గించే హక్కు ఎవరికీ లేదు. మా అభ్యంతరం ఒక్కటే, ఆ రెండున్నర గంటల్లో పుస్తకానికి వంతు రాదు.

కాబట్టి మా సభలు వేరుగా జరుగుతాయి. గంటన్నరలో ముగుస్తాయి. మొదట రచయిత చదువుతారు, కనీసం అరగంట. కథ అయితే కథ మొత్తం. కవిత్వమైతే తొందరపడకుండా, కవితకూ కవితకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. రచయితది శ్రీకాకుళం యాస అయితే ఆ యాసలోనే, పాలమూరుదైతే పాలమూరు మాటలోనే. వేదిక ఎక్కగానే గొంతు మార్చుకుని పుస్తకాల భాషలోకి వెళ్ళడం మానేద్దాం, రాసిన గొంతుతోనే చదువుదాం. తర్వాత ఒకే ఒక వక్త, పదిహేను నిమిషాలు. పుస్తకం మొత్తం చదివి ఉండాలి, అది రచయిత మొహమాటానికి అడిగే ప్రశ్న కాదు, మా షరతు. మిగతా సమయం ఎదురుగా కూర్చున్నవాళ్ళది. మైకు వాళ్ళ దగ్గరికి వెళుతుంది. మొదటి ప్రశ్న ఒక పెద్దాయన అడిగితే రెండోది వెనక కూర్చున్న అమ్మాయి అడగాలి, నిర్వహించేవాళ్ళు ఆ మాత్రం కనిపెట్టుకుని ఉండాలి.

శాలువాలు ఉండవు. శాలువాకూ పూలగుత్తులకూ పెట్టే డబ్బుతో ఒక పుస్తకం కొని ఆ ఊరి హైస్కూలుకిస్తాం. రాజకీయ నాయకులు రావచ్చు, కుర్చీల్లో కూర్చోవచ్చు, పుస్తకం కొనుక్కోవచ్చు. వేదిక వాళ్ళకోసం ఆగదు.

పుస్తకాలు ఉచితంగా పంచం. ఇది చాలామందికి కష్టంగా ఉంటుందని తెలుసు. ఇంటికి పిలిచి భోజనానికి డబ్బు అడిగినట్టుంటుందని ఒక మిత్రుడు బాధపడ్డాడు. అతని బాధ నిజమే. కానీ మేం చాలామందిని అడిగి చూశాం, ఊరికే వచ్చిన పుస్తకం అల్మరాలోకి వెళుతుంది, నూట ఇరవై రూపాయలు పెట్టి కొన్న పుస్తకం బస్సులోనే తెరుచుకుంటుంది. తలుపు దగ్గర బల్ల వేస్తాం. బల్ల వెనక రచయిత కూర్చోరు, ఇంకో రచయిత కూర్చుంటారు. కొనలేనివాళ్ళకు, ముఖ్యంగా విద్యార్థులకు, ఎవరైనా ముందే డబ్బు కట్టి ఉంచిన ప్రతులు కొన్ని బల్ల కింద ఉంటాయి. అడిగితే ఇస్తాం, ఎందుకని అడగం.

చోటు గురించి. హైదరాబాదులో రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, సుల్తాన్ బజారులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, లామకాన్. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం, విశాఖలో పౌర గ్రంథాలయం. ఇవి మాకు ఇష్టమైన చోట్లే, అక్కడ సభలు జరుగుతూనే ఉంటాయి. మా చూపు వాటి అవతలికి. ఆదివారం సాయంత్రం ఆరింటికి నగరం మధ్యలో జరిగే సభకు ఎవరు రాలేరో లెక్కవేస్తే, ఊరికి ఆఖరి బస్సు ఎక్కాల్సినవాళ్ళు, ఇంట్లో వంట చెయ్యాల్సినవాళ్ళు, సెలవు దొరకనివాళ్ళు, మెట్లు ఎక్కలేనివాళ్ళు తేలతారు. పుస్తకాల్లో ఉన్న మనుషుల్లో ఎక్కువమంది వీళ్ళే. అందుకని పగటిపూట సభలు పెడతాం. శాఖా గ్రంథాలయాల్లో పెడతాం. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నాయి, ఆ గదిలో రెండు గంటలు కూర్చుని పుస్తకం చదువుకునే హక్కు అందులోనే ఉంది. గ్రంథాలయాధికారిని ముందుగా కలిసి, ఉత్తరం ఇచ్చి, అయ్యాక కుర్చీలు సర్ది వస్తాం.

సభలకు రాలేని మనుషుల దగ్గరికి పుస్తకాన్ని తీసుకెళ్ళే పని దిగంబర కవులు మనకంటే ముందే, మనకంటే ధైర్యంగా చేశారు. 1965లో హైదరాబాదులో అర్ధరాత్రి పూట వాళ్ళ మొదటి సంపుటిని రిక్షా తొక్కే నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. 1966లో విజయవాడలో రెండో సంపుటికి హోటల్లో పనిచేసే మనిషి, 1968లో విశాఖపట్నంలో మూడో సంపుటికి బిచ్చమెత్తుకునే స్త్రీ. వాళ్ళ కవిత్వం మీద అభిప్రాయాలు ఎన్ని ఉన్నా, పుస్తకాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్నను వాళ్ళు అడిగినంత సూటిగా ఆ తర్వాత ఎవరూ అడగలేదని మా నమ్మకం. వాళ్ళ పద్ధతిని అలాగే మళ్ళీ చేస్తే అది నాటకమవుతుంది, మేం చెయ్యం. చేనేత గురించిన పుస్తకం మగ్గాలున్న వీధిలో, బీడీ కార్మికుల కథలు బీడీలు చుట్టే వసారాలో, గల్ఫ్ వలస గురించిన నవల జగిత్యాలలోనో కరీంనగర్ పల్లెలోనో చదువుతాం. విన్నవాళ్ళు ‘ఇట్లుండదు, ఇట్లుంటది’ అని రచయితను సరిదిద్దితే ఆ మాటను రెండో ముద్రణలోకి తీసుకుంటాం.

బయటి దేశాల్లో ఉన్న తెలుగు రచయితలు చాలామంది పుస్తకం హైదరాబాదులో అచ్చువేయించి, సెలవులకొచ్చినప్పుడు పదిరోజుల్లో ఆవిష్కరణ కూడా ముగించుకుని వెళతారు. ప్రతులు ఇక్కడ ఎవరో బంధువుల ఇంట్లో ఉండిపోతాయి. ఆ ప్రతులను మాకు అప్పగించండి. బదులుగా, ఇక్కడి పుస్తకాలు పాతికైనా మీ సూట్‌కేసులో తీసుకెళ్ళి అక్కడి మీ సాహిత్య సమావేశంలో బల్ల మీద పెట్టండి.

మోత, లెక్క

ఒక పుస్తకం లెక్క చూద్దాం. వెల 150 అనుకోండి. దుకాణానికి కమీషన్ నూటికి నలభై ఇచ్చామనుకుంటే చేతికి 90 వస్తుంది. అచ్చు ఖర్చు ప్రతికి 75 పడి ఉంటే మిగిలేది 15. రెండు ప్రతుల కోసం హైదరాబాదు కాచిగూడలోని దుకాణానికి పోయి వచ్చే ఆటో ఖర్చుకు అది చాలదు. దుకాణాల వాళ్ళను తప్పుపట్టలేం, అద్దెలు కట్టి, సరుకు అమ్ముడుపోకపోయినా అరల్లో ఉంచి, మన పుస్తకాన్ని ఇంతకాలం కనిపించేలా చేసింది వాళ్ళే. వాళ్ళతో కలిసే నడుస్తాం. అయితే 500 ప్రతుల పుస్తకం వాళ్ళ ఒక్కరి మీదే ఆధారపడి బతకదు.

మేం చేసేదిలా ఉంటుంది. చేరిన ప్రతి రచయితా తనవి కాని ఐదు పుస్తకాలవి పదేసి ప్రతులు తన ఇంట్లో ఉంచుకుంటారు. అలా నంద్యాలలో ఉన్న పాఠకుడికి ఆదిలాబాదు పుస్తకం నంద్యాలలోనే దొరుకుతుంది. అమ్మినది నోటుపుస్తకంలో రాయాలి. నెలాఖరుకు డబ్బు రచయితకు పంపాలి. అమ్మినవారు ప్రతికి పదిహేను రూపాయలు ఉంచుకుంటారు, వద్దనుకుంటే బల్ల కింది ప్రతుల లెక్కలో వేస్తారు. మూడు నెలలు లెక్క చెప్పకపోతే ప్రతులు తిరిగి తీసుకుంటాం. స్నేహం చెడకూడదంటే లెక్క శుభ్రంగా ఉండాలి. తెలుగు సాహిత్యంలో ఎన్ని స్నేహాలు పుస్తకాల బాకీల దగ్గర తెగిపోయాయో తెలిసినవాళ్ళు ఈ నియమాన్ని కఠినమనరు.

పోస్టు మన ప్రాణం. రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఆపేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలకు గుండె ఆగినంత పనైంది. పుస్తకం వెల వంద, పంపే ఖర్చు డెబ్భై అయితే ఎవరు తెప్పించుకుంటారు? 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100. దాని నిబంధనలు చదివి, కవరు మీద ఏం రాయాలో, లోపల ఏం పెట్టకూడదో మా పత్రంలో వివరంగా వేస్తాం. కౌంటరు దగ్గర గుమాస్తాకు తెలియకపోతే మర్యాదగా చూపించడానికి ఆ పత్రమే పనికొస్తుంది.

ఇంకో రెండు పనులు చాలామంది వదిలేస్తున్నారు. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, సొంతంగా ప్రచురించుకునే రచయిత నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండోది, 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, మరో రెండు గ్రంథాలయాలకు పంపాలి. ప్రచురణకర్త మనమే గనుక ఆ బాధ్యతా మనదే. వందేళ్ళ తర్వాత ఎవరో పరిశోధకురాలు మన ఊరి మాట కోసం వెతుకుతుంది. ఆమెకు ఒక్క ప్రతి మిగలాలి. మేం నెలకొకసారి అందరి పుస్తకాలూ కలిపి పంపుతాం.

డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ. ఈ రెండింటిలోనూ ఒంటరి రచయితకు స్టాలు అద్దె అందదు, అందినా పదిరోజులు ఒక్కడే కూర్చోలేడు. కలిసి ఒక స్టాలు తీసుకుంటాం, గంటల వంతున కూర్చుంటాం. ఎవరి వంతులో వాళ్ళు తమ పుస్తకం తప్ప మిగతావన్నీ చూపించాలి.

మేం చెయ్యనివి

డబ్బు తీసుకుని కబురు రాయం. డబ్బు కట్టించుకుని ఇచ్చే అవార్డుల వార్తలు మా పత్రంలో వెయ్యం. మాలో మాకు బిరుదులు ఇచ్చుకోం. కులం, ప్రాంతం, పార్టీ చూసి పుస్తకాన్ని ముందుకో వెనక్కో జరపం. అయితే ఇన్నాళ్ళూ వెనక్కి జరిగిన పుస్తకాలు ఎవరివో మాకు తెలుసు. దళిత, ఆదివాసీ, ముస్లిం రచయితల సొంత ప్రచురణలు, మొదటి పుస్తకం వేసుకున్న ఆడవాళ్ళవి, సంచార కులాల వాళ్ళవి. వాటి కబురు మొదటి పేజీలో ఉంటుంది. ద్వేషాన్ని నూరిపోసే పుస్తకాన్ని మోయం, ఎందుకు మోయమో రచయితకు ఉత్తరం రాసి చెబుతాం.

ఈ ఉద్యమానికి అధ్యక్షుడు లేడు. ప్రతి ఊళ్ళోనూ ఒక నోటుపుస్తకం, దాన్ని చూసే ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా రాయనివాళ్ళై ఉండాలి. ఏడాదికొకసారి మనుషులు మారతారు, నోటుపుస్తకం మారదు. సభ్యత్వ రుసుము లేదు. ఏడాదిలో తనవి కాని ఆరు పుస్తకాలు కొని చదవాలి, రెండింటి గురించి కబురు రాయాలి. అంతే అడుగుతున్నాం.

మొదటి సమావేశానికి వచ్చేవాళ్ళు మీ పుస్తకం తీసుకురాకండి. దాన్ని ఇంకొకరు తెస్తారు, ఆ ఏర్పాటు చేశాం. మీరు చదివిన, ఎవరికీ తెలియని, ఎవరో సొంతంగా వేసుకున్న పుస్తకం ఒకటి తీసుకురండి. అందులోంచి ఒక పేజీ నిలబడి చదవాలి, తర్వాత దాని ‘ప్రతులకు’ కింద ఉన్న నంబరుకు అందరి ముందూ ఫోను చెయ్యాలి. కొన్ని నంబర్లు పనిచెయ్యకపోవచ్చు. కొన్నిటికి కొడుకో కోడలో పలకవచ్చు. పలికినవాళ్ళను పుస్తకాలు ఎన్ని మిగిలాయో అడగండి, ఎన్ని ఉంటే అన్నీ కొంటామని చెప్పండి. గట్టి సంచి ఒకటి వెంట తెచ్చుకోండి, వెళ్ళేటప్పుడు బరువుంటుంది.